కొత్తబండి మీద ఎర్రగుడ్డ

నేను ఒక గుడ్డను. ఎర్రటి శాటిన్ గుడ్డను. నాలుగు బారల పొడవు, మూడు బారల వెడల్పు. మీరు నన్ను చూసే ఉంటారు గానీ చూసినట్టు గుర్తుండదు. కార్ల షోరూములో కొత్త మోడల్ మీద కప్పి ఉంచుతారే, జనం పోగయ్యాక ఇద్దరు చెరోపక్కా పట్టుకుని లాగేస్తారే, అదే నేను. నేను జారి కింద పడ్డాకే చప్పట్లు మొదలవుతాయి. అంటే, నేను ఎప్పుడు పోతానా అని ఎదురుచూసే జనం మధ్యే నా బతుకంతా గడిచింది.

రాజమండ్రి శివార్లలో, హైవే పక్కన మా షోరూము. దాని ఎదురుగా టీకొట్టు, టీకొట్టుకి ఆనుకుని దర్జీ మీరాసాబు బడ్డీ. నన్ను కుట్టింది ఆయనే. తానులోంచి పొడుగ్గా మూడు ముక్కలు కోసి అతుకుతూ, "కారుకి చీరంటండీ! జాకెట్టు ముక్క కూడా తీసి ఉంచమంటారా?" అని అడిగాడు. నన్ను కుట్టించడానికి వచ్చిన త్రిమూర్తులు పగలబడి నవ్వాడు.

త్రిమూర్తులు ఆ షోరూములో సేల్స్‌మన్. నలభై ఐదు దాటిన మనిషి. సొంత కారు లేదు, కానీ రోడ్డు మీద వెళ్లే బండి చప్పుడు విని, వెనక్కి తిరక్కుండానే దాని పేరూ, పుట్టిన సంవత్సరమూ చెప్పేవాడు. కొత్త బండి లారీ దిగితే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి, అరచేత్తో పైనుంచి కిందికి నిమిరేవాడు. సంతలో ఎద్దును కొనేవాడు అలాగే నిమురుతాడు.

నాకూ బండ్లు ఒంటికి తగిలే తెలుసు. మొదట్లో వచ్చినవి గుమ్మడికాయల్లా ఉండేవి. నేను వాటి మీద నుంచి నీళ్లలా జారిపోయేదాన్ని. తర్వాత్తర్వాత బండ్లకి కోపం వచ్చింది. దీపాలు సన్నబడి కళ్లురిమినట్టు అయ్యాయి, మూతులు పెద్దవయ్యాయి, పక్కల మీద కత్తితో గీసినట్టు అంచులు లేచాయి. భార్యాబిడ్డల్ని ఎక్కించుకుని తీర్థాలకు వెళ్లేవాళ్లకి ఇంత కోపిష్టి బండి ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. కంపెనీ వాళ్లు మాత్రం ప్రతిసారీ "ఇంతకు ముందెన్నడూ చూడనిది" అనేవారు. ఇంతకు ముందువన్నీ నేను చూశాను. ఎవరూ నన్ను అడగలేదు.

మా షోరూముకి ఒక ఆనవాయితీ ఉండేది. లోపల త్రిమూర్తులు చెప్పేది కంపెనీ మాట. కొనేవాళ్లు అంతా విని, తలూపి, "రావయ్యా, టీ తాగుదాం" అనేవారు. రోడ్డు దాటి టీకొట్టు బల్ల మీద కూర్చున్నాక అతను చెప్పేది తన మాట. "ఆ ఇంజన్ ఎత్తు ఎక్కదండి బాబూ, మీకొద్దు." "ఇంకో ఆర్నెల్లు ఆగండి, కొత్తది వస్తాది." అలా పోగొట్టుకున్న బేరాలు బోలెడు. అయినా చుట్టుపక్కల పాతిక ఊళ్ల వాళ్లు అతని దగ్గరికే వచ్చేవారు. మేనేజర్లు మారుతుండేవారు గానీ టీకొట్టు మాట మారలేదు.

ఆ సంవత్సరం ఒక బండి వచ్చింది. దాని పేరు నాకు నోరు తిరగదు. నెల ముందు నుంచీ ఊరంతా బోర్డులు. బోర్డుల మీద బండి లేదు, నేనే ఉన్నాను, నా కింద ఏదో ఉన్నట్టు ఒంపులు తిరిగి. నా బొమ్మ అంత పెద్దదిగా వెయ్యడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆవిష్కరణ రోజున ఊళ్లోని కార్ల పిచ్చోళ్లంతా వచ్చారు. రిటైరైన ఆర్టీసీ డ్రైవరు అబ్బులుగారు ముందు వరసలో కూర్చున్నాడు. పొగ వదిలారు, పాట పెట్టారు, నన్ను లాగారు. బండి పక్కమీద లేచిన అంచుకి తగులుకుని జానెడు మేర పర్రుమని చిరిగాను. చప్పట్లలో ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు.

"మూతేంటయ్యా, జెల్లచేప ఆవులించినట్టుంది!" అన్నాడు అబ్బులుగారు.

"మీకు నచ్చాలంటే దానికి టిక్కెట్ల మిషను కూడా ఉండాలండి," అన్నాడు వెనకనుంచి ఒకాయన. అందరూ నవ్వారు.

అబ్బులుగారు లేచి డిక్కీ తెరిచి, అడుగున ఉన్న పరుపు ఎత్తి చూశాడు. "స్టెప్నీ టైరు ఏదయ్యా?"

నేను నేలమీద కుప్పగా పడి త్రిమూర్తుల్ని చూస్తున్నాను. అతను ఆ మాట వినలేదు. అరచెయ్యి బండి అంచు మీద ఆనించి అలాగే నిలబడిపోయాడు. కళ్లల్లో నీళ్లు. ఇరవై రెండేళ్లలో అతన్ని అలా ఏ బండి దగ్గరా చూడలేదని తర్వాత వాచ్‌మన్ చెప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున త్రిమూర్తులు నన్ను భుజాన వేసుకుని, చిరుగు కుట్టించడానికి మీరాసాబు దగ్గరికి బయల్దేరాడు. వీరరాఘవమ్మ వెనకాలే వచ్చింది. కడియం అవతల కాలవగట్టు మీద మొక్కల నర్సరీ ఆవిడది. అంతకు ముందే లోపల బండి చూసి వచ్చింది.

"తమ్ముడూ, టీ తాగుదాం రా."

కూర్చున్నారు. నేను అతని ఒళ్లో ఉన్నాను.

"లోపల చెప్పింది విన్నాను. ఇప్పుడు నీ మాట చెప్పు. మా ఆయనకి కిడ్నీలు పోయినయ్యి గదా, వారానికి మూడుసార్లు కాకినాడ తీసుకెళ్లి రక్తం శుద్ధి చేయించాలి. డ్రైవర్ని పెట్టుకుంటాను. కాలవగట్టు రోడ్డు ఎలా ఉంటదో నీకు తెలుసు. మరి ఇందులో స్టెప్నీ లేదంట?"

"అక్కా, ఇలాంటి బండి నేను చూళ్లేదండి. స్టెప్నీ పాతకాలం మాట. సీసాలో మందిస్తారు, టైర్లోకి కొడితే చిల్లు అదే పూడుకుంటాది. చక్రం చోటు మిగిల్చారు గాబట్టే వెనక సీటు వాలుద్ది. బావగారు పడుకుని ఎల్లొచ్చు."

"కంపెనీ మాటా, నీ మాటా?"

"నా మాటే అక్కా."

నిజంగానే అతని మాటే. ఏ మేనేజరూ అతన్ని బెదిరించలేదు. ఆ బండి అందం మీద మనసు పడి, కరపత్రంలో రాసిందంతా నమ్మేశాడు. చిరుగులో వేలు దూర్చి ఆడుకుంటూనే చెప్పాడు. ఆ అంచు నన్నేం చేసిందో అతని వేలి కిందే ఉంది.

బండి ఇచ్చే రోజున ఆవిడ భర్త పేర్రాజు కూడా వచ్చాడు. ఎండిన కొమ్మలాంటి మనిషి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, బానెట్ మీద పసుపూ కుంకుమా దిద్దారు, నన్ను కప్పి వాళ్లిద్దరి చేతా లాగించారు. నేను పడ్డాక అందరూ బండిని చూశారు. ఆయన మాత్రం నా అంచు వదల్లేదు. రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "ఎంత మెత్తగా ఉందే! ఈ గుడ్డ కూడా మనకిచ్చేస్తారాండి?" అని అడిగాడు.

"షోరూముదండి బావగారూ, ఇవ్వరు," అన్నాడు త్రిమూర్తులు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, నన్ను సరిగ్గా మడతపెట్టి మరీ ఇచ్చాడు. అలా మడతపెట్టిన మనిషి నాకు మళ్లీ తగల్లేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. చిరుగు మీద వేసిన అతుకు ఊడితే మళ్లీ కుట్టించడానికి మీరాసాబు మిషను మీద పడేశారు. ఆ మధ్యాహ్నం వీరరాఘవమ్మ టీకొట్టు దగ్గర నిలబడి, రోడ్డవతలికి కేకేసింది. "తమ్ముడూ, టీ తాగుదాం రా."

నుదుట బొట్టు లేదు. త్రిమూర్తులు రోడ్డు దాటి వచ్చి బల్ల చివర కూర్చున్నాడు.

ఆవిడ గట్టిగా మాట్లాడలేదు. కాలవగట్టు మీద రాయి కోసుకుని టైరు పక్కభాగం చీలిందట. సీసాలో మందు కొడితే నురగంతా గట్టు మీదికి కారిందట. కంపెనీకి ఫోను చేస్తే ఒకటి నొక్కమని, రెండు నొక్కమని, చివరికి రెండు గంటల్లో వస్తామన్నారట. ఆటో దొరికి కాకినాడ చేరేసరికి ఆయన వంతు వెళ్లిపోయింది. ఆ తర్వాత పదకొండు రోజులు బతికాడు. దానివల్లే అని డాక్టరు అనలేదు. దానివల్ల కాదనీ అనలేదు.

"ఒక్కటి అడిగిపోదామని వచ్చాను. ఆ రోజు నువ్వు చెప్పింది కంపెనీ మాట గదా తమ్ముడూ?"

మీరాసాబు మిషను ఆపేశాడు. కంపెనీ మాటే అక్కా, ఉద్యోగం గదా అంటే సరిపోయేది. జీతగాడివి నువ్వు మాత్రం ఏం చేస్తావని ఆవిడ వెళ్లిపోయేది. దానికోసమే అంత దూరం వచ్చినట్టుంది.

త్రిమూర్తులు గ్లాసు కింద పెట్టాడు. "కాదక్కా. నా మాటే. బండిని చూసి కళ్లు మూసుకుపోయినయ్యి."

ఆవిడ టీ డబ్బులు తీసి బల్ల మీద పెట్టింది.

"అబద్ధమాడినా బాగుండేది తమ్ముడూ," అని వెళ్లిపోయింది.

ఆ తర్వాత అతను రోడ్డు దాటి టీకొట్టుకి రాలేదు. ఎవరైనా పిలిస్తే, "లోపలే చెప్తానండి," అనేవాడు. లోపల కంపెనీ రాసిచ్చిన మాటల్ని అక్షరం పొల్లుపోకుండా చెప్పేవాడు. చిత్రమేమిటంటే, అతని అమ్మకాలు పెరిగాయి. కంపెనీ వాళ్లు శాలువా కప్పారు. కొత్త బండి దిగితే మాత్రం చెయ్యి జేబులోంచి తీసేవాడు కాదు.

మరుసటేడు షోరూముకి గోడంత టీవీ తెర వచ్చింది. బండ్లు అందులోంచే దూకుతున్నాయి, ముసుగుతో పని లేదు. నన్ను స్టోరు గదిలో నూనె డబ్బాల మీద పడేశారు. ఒక ఆదివారం త్రిమూర్తులు వచ్చి నన్ను దులిపి, మడతపెట్టాడు. ఆటోలో నా పక్కన ఒక కొత్త చక్రం కూడా ఎక్కించాడు.

నర్సరీలో మొక్కల షెడ్డు పక్కన బండి నిలబడి ఉంది. టైర్ల చుట్టూ గడ్డి లేచింది. వీరరాఘవమ్మ గులాబీ అంట్ల మధ్య నుంచి లేచి వచ్చింది.

"అమ్మలేకపోతున్నాను తమ్ముడూ, ఆయన పడుకున్న సీటు. చూళ్లేకపోతున్నాను కూడా." చక్రం వైపు చూసింది. "ఎక్కడికీ పోని బండికి ఇదెందుకు?"

అతను డిక్కీ తెరిచి చక్రాన్ని పెట్టబోయాడు. అడుగున దానికి చోటు లేదు. పైన పడుకోబెడితే మూత పడలేదు. చివరికి తీసి బండి వెనకాల ఆనించాడు.

"మరి ఈ గుడ్డ?"

"బావగారు అడిగారు గదండి."

ఆవిడ మట్టిచేతులు చీరకు తుడుచుకుని, నా రెండో కొస పట్టుకుంది. అన్నేళ్లలో నన్ను చెరోపక్కా పట్టుకుని ఇంత నెమ్మదిగా నడిచినవాళ్లు లేరు. కప్పడం పూర్తయ్యాక గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు కుండీలు పెట్టారు.

పక్కమీది అంచు తగలగానే బండిని పోల్చుకున్నాను. మీరాసాబు వేసిన అతుకు సరిగ్గా దాని మీదికే వచ్చి ఆగింది.