పోస్టాఫీసులో అరవై ముగ్గురు పిల్లలు

హాలండ్ అనే చిన్న పట్నంలో ఒకే కప్పు కింద అరవై ముగ్గురు పిల్లలు ఉంటున్నారని, అందరికీ ఉబ్బసమేనని కంప్యూటరు చెప్పింది. వెనీటా స్ప్రూయిల్ నమ్మింది. నమ్మి ఊరుకుందా, పట్టిక కట్టి, కింద సంతకం పెట్టి, మార్చి నెలలో పార్సన్స్ బెండ్ చర్చి హాల్లో నిలబడి చదివి వినిపించింది కూడా. రాష్ట్ర ఆరోగ్య శాఖలో ఇరవై రెండేళ్లుగా అంకెలతో కాపురం చేస్తున్న మనిషి మరి.

పార్సన్స్ బెండ్ ఊరు నదికి ఇవతల ఉంటుంది. పక్కనే పందుల ఫారం. పేడ నీళ్లు పెద్ద గుంటలో నిలవబెట్టి, ఎండ కాసినప్పుడు పొలాల మీదికి చిమ్ముతారు. ఆ రోజుల్లో అక్కడ బట్టలు ఆరేసే దిక్కు కూడా ఉండదు. ఫారం వాళ్లు రెండో గుంటకు అనుమతి అడిగారు, ఊరివాళ్లు వద్దన్నారు. తగువు తేల్చడానికి వెనీటా లెక్క కావాల్సి వచ్చింది. ఊపిరాడక ఆసుపత్రికి పరుగెత్తిన పిల్లలు ఐదేళ్లలో ఏ ఊళ్లో ఎందరు? బెండ్‌లో నలుగురు. నది అవతల, గాలీ వెలుతురూ బాగున్న హాలండ్‌లో కుప్పలు తెప్పలు.

"నాకు తెలిసిన పిల్లలే ముప్పై మంది ఉన్నారు," అంది ఆ రోజు మిస్ లువీనియా. ఆ చర్చిలో ఆదివారం బడి నడిపే పెద్దావిడ. "పేర్లు చెప్పమంటావా, అమ్మాయ్?"

"మన కళ్లముందు జరిగిందే మనకు ఎక్కువగా గుర్తుంటుందండీ," అంది వెనీటా, నవ్వుతూ. "అంకెలకు ఆ బలహీనత లేదు."

వెనక వరసలోంచి ఎవరో, "పాపం, మా కంపంతా హాలండ్ వాళ్లే పీల్చేస్తున్నట్టున్నారు," అన్నారు. హాలంతా నవ్వింది. వెనీటా కూడా నవ్వింది. జూన్‌లో అనుమతి వచ్చేసింది.

ఆగస్టులో ఇంకేదో పనిమీద, ఆ పిల్లల ఇళ్లను కంప్యూటరు చుక్కలుగా గుర్తించిన పటం మళ్లీ తెరిచింది. అరవై మూడు చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి ఒకే చుక్కలా ఉన్నాయి. ఆ ఇల్లేమిటో చూద్దామని కంప్యూటర్లో ఆ వీధి ఫొటో తెరిస్తే జెండా, ఇటుక గోడ, ఉత్తరాల డబ్బా కనిపించాయి. బెండ్ రోడ్డుకి టపా బండి రాదు. అందరికీ హాలండ్ పోస్టాఫీసులో తాళం బాక్సులే, ఉత్తరాలు అక్కడికెళ్లి తెచ్చుకోవాలి. చిరునామాలో బాక్సు నంబరు కనిపిస్తే చాలు, కంప్యూటరు ఆ పిల్లల్ని తీసుకెళ్లి పోస్టాఫీసులో కూర్చోబెట్టింది. వెనీటా ఆసుపత్రికి ఫోన్ చేసి ఇళ్ల ఆనవాళ్లు అడిగింది. అరవై ముగ్గురూ బెండ్ పిల్లలే. నలుగురు కాదు, అరవై ఏడుగురు. ఆ రోజు తన నవ్వు తలుచుకుంటే ఒళ్లంతా చీదరగా అనిపించింది.

పై అధికారి గ్రెగ్ తేలిగ్గా తీసేశాడు. "వెబ్‌సైట్లో పట్టిక మార్చేసి, కింద చిన్న గమనిక పెట్టెయ్. సాంకేతిక సవరణ అను. అందరికీ జరిగేదే."

"నేనే వెళ్లి చెప్తాను."

"ఎందుకు కోరి తిట్లు తినడం?"

ఎందుకో ఆమెకు తెలుసు. అతనికి చెప్పడానికి మాత్రం ముఖం చెల్లలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక, కోడివేపుడు పళ్లాలు ఇంకా తియ్యకముందే, అదే హాల్లో నిలబడింది. నలుగురు కాదు, అరవై ఏడుగురని చెప్పింది. బాక్సు నంబర్ల సంగతి వివరించి, పొరపాటు తనదేనని చెప్పింది. తప్పు ఒప్పుకుంటూ శాఖకు రాసిన కాగితాన్ని మిస్ లువీనియా చేతికిచ్చింది. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"కాగితం బాగానే ఉంది," అంది పెద్దావిడ, కళ్లజోడు సర్దుకుంటూ. "గుంట తవ్వడం అయిపోయింది. నింపడం కూడా మొదలెట్టారు. అది సరే, నువ్వెక్కడ పెరిగావమ్మాయ్?"

"కేనీ క్రీక్ వాగు దగ్గరండీ. మట్టిరోడ్డు."

"మీ ఇంటికి ఉత్తరాలు ఎలా వచ్చేవి?"

గ్రెగ్ అడగనిది, ఎవరూ అడక్కూడదని వెనీటా వారం రోజులుగా కోరుకున్నది ఇదే.

"పోస్టు బాక్సుకి," అంది. "శనివారం అమ్మతో వెళ్లేదాన్ని. తాళం నేనే తీసేదాన్ని."

"ఈ పిల్లల చిరునామాల్లో బాక్సు నంబర్లు నీ కంటపడ్డాయా, లేదా?"

"పడ్డాయి."

"పడితే?"

"దాటేశానండీ." తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఆ వరసలో మా అమ్మ బాక్సు ఉన్నా దాటేసేదాన్నే."

మిస్ లువీనియా కాగితాన్ని మళ్లీ ఒకసారి మొదటినుంచి చివరిదాకా చదివి, బల్లమీద పెట్టి, వెనీటా వైపు తోసింది.

"ఆ మాట ఇందులో లేదు. రాయి."