మారని చోటు

చీపురుపల్లిలో గోవిందరావు బట్టల కొట్టు వెనక గదిలో అనూరాధ ల్యాప్‌టాప్ తెరిచింది కానీ నోరు విప్పలేదు. గోవిందరావుకు అప్పుడే అర్థమైంది. మంచి కబురైతే ఆ పిల్ల గుమ్మంలోనే చెప్పేసేది.

అనూరాధ పక్క వీధి పిల్ల. విశాఖలో జన్యువుల మీద పరిశోధన చేస్తోంది. ఆయన ఆమెను అడిగింది ఒక్కటే. కూతురు అరుణశ్రీని దాని మేనమామ కొడుకు ప్రదీప్‌కి ఇవ్వవచ్చా?

ఆయనదీ మేనరికమే. మేనమామ కూతురు కన్యాకుమారిని చేసుకున్నాడు. అరుణశ్రీకి ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టి, మెడ నిలపలేక, పాలు మింగలేక, ఏడాది తిరక్కుండానే పోయారు. బాలింత పనసపండు తిన్నందుకే పాలు చెడ్డాయని పెద్దవాళ్ళు తేల్చారు. కన్యాకుమారి నమ్మింది. పోయేదాకా పనస ముట్టలేదు. వీధిలోంచి ఆ వాసన వస్తే లేచి తలుపు వేసుకునేది.

ముహూర్తం పెట్టుకోబోతుంటే అరుణశ్రీ పట్టుబట్టి తనకూ ప్రదీప్‌కూ రక్తపరీక్ష చేయించింది. ఒకే జన్యువులో, ఒకే చోట, ఇద్దరికీ ఒక అక్షరం తేడా. అది చేటు చేసేదో కాదో చెప్పలేమన్నారు డాక్టర్లు. పోయిన పిల్లల రక్తం చూద్దామంటే ఎక్కడుంది?

అందుకని అనూరాధ చేప నుంచి కోడి, గబ్బిలం, ఆవు, మనిషి దాకా ఆ జన్యువును వరసగా పేర్చి లెక్క కట్టింది. ప్రతి చోటుకీ మారే వేగం ఒకటి ఉంటుందట. కొన్ని చోట్ల అక్షరాలు ఇట్టే మారిపోతుంటాయి. అక్కడ తేడా వచ్చినా ఫరవాలేదు. కొన్ని చోట్ల యుగాలు గడిచినా మారవు.

"మరి మనదో?"

"చేపలోనూ అదే అక్షరం బాబాయ్, మనిషిలోనూ అదే." అనూరాధ తల దించుకుంది. "మార్పు రాదని కాదు. వస్తాది. వచ్చిన ఇళ్ళల్లో పిల్లలు మిగల్లేదు. అందుకే మనకి కనపడదు."

గోవిందరావు నూటికి నూరుపాళ్ళూ నిజమేనా అని అడిగాడు. ఎంతైనా అంచనాయేనని ఆమె ఒప్పుకుంది. తేడా ఒక్క వైపు నుంచే వస్తే ఏమీ కాదనీ, అరుణశ్రీకీ ప్రదీప్‌కీ ఏ భయమూ లేదనీ, వాళ్ళిద్దరి నుంచీ వస్తేనే బిడ్డకు గండమనీ చెప్పింది. తెర మీద ఆమె గీసిన ఆ జీవుల వంశవృక్షంలో కొమ్మలు విడిపోవడమే తప్ప మళ్ళీ కలవడం లేదు. తమ ఇంట్లో కొమ్మలు కలవడమే మర్యాద అనుకున్నారు.

అంచనాయే కదా, పెళ్ళి చేసుకోబోయేవాళ్ళకి అదొక్కటీ చెప్పి మిగతాది దాచేస్తే చాలదూ అనిపించింది ఆయనకు. ఇంతలో అరుణశ్రీ, ప్రదీప్ రానే వచ్చారు.

"ఏటి మావా, అలాగున్నావు? పెళ్ళికార్డుల కర్చుకి భయమా?" అన్నాడు ప్రదీప్. "అటూ ఇటూ ఒకే సుట్టాలు. సగం కొట్టిస్తే సాలు."

గోవిందరావు ఉన్నదున్నట్టు చెప్పాడు. అంచనా అన్న మాటా దాచలేదు, పిల్లలు మిగల్లేదన్న మాటా దాచలేదు.

కడుపులో ఉండగానే పరీక్ష చేయించుకోవచ్చు కదా అన్నాడు ప్రదీప్. అవునంది అనూరాధ.

"అమ్మ ఎందుకో తెలీకుండా ఇద్దర్ని పోగొట్టుకుంది బావా," అంది అరుణశ్రీ. "తెలిసి తెలిసి కడుపులో బిడ్డని నా సేత్తో నేను పంపలేను."

"పిల్లల్లేకపోతే ఏటే? నాకు నువ్వు సాలవా?"

"రేపు నువ్వు ఇంకో పిల్లని సేసుకుంటే నీ పిల్లలు నన్ను అత్తా అంటారు. నాకది సాలు. ఎల్లు బావా."

ప్రదీప్ చెప్పులు వేసుకుని, వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం గోవిందరావు బజారులో పనస తొనలు కొని ఆకులో కట్టించుకుని ఇంటికి తెచ్చాడు. ఆ గుమ్మం దాటి పనస లోపలికి రావడం అరుణశ్రీ ఎరగదు. పొట్లం విప్పి కూతురి ముందు పెట్టాడు.

"మీ అమ్మ తప్పు కాదమ్మా," అన్నాడు. ఆ మాట వినవలసిన మనిషి లేదు. అయినా ఆ ఇంట్లో ఆ మాట ఒకరి నోట పలికింది.

అరుణశ్రీ ఒక తొన తండ్రి చేతిలో పెట్టి, ఒకటి తను తీసుకుంది. బాగా మాగిన పండు. ఇల్లంతా ఆ వాసన నిండినా ఎవరూ లేచి తలుపు వేయలేదు.