శనివారం వచ్చిన జపాన్ బిళ్ళలు

నంద్యాల వ్యవసాయ ఫారంలో జపాన్ ఆయన నా చేతిలో ఒక రేకు డబ్బా పెట్టి, నడుము వంచి దండం పెట్టాడు. ఆ ఏడు జపాన్ పద్ధతిలో, తాడు పట్టి వరుసల్లో నాటిన నా మడిని చూసి మెచ్చుకున్న మనిషి. వాళ్ళ దేశంలో బహుమానంగా ఇచ్చుకునే తీపి బిళ్ళలట. వరిపిండి, చక్కెర, దాల్చినచెక్క కలిపి కాలుస్తారని పక్కనున్న ఆఫీసరు చెప్పాడు. మూత తీయగానే వాసన గుప్పుమంది. బోర్లించిన పెంకుల్లా వంపు తిరిగి ఉన్నాయి.

నేను బస్సుకు పరుగెత్తాను. నా కూతురు గోవిందమ్మ వేవిళ్ళకు తాళలేక ఆళ్లగడ్డలో నా ఇంటికి వచ్చి ఉంది. గంజి కూడా కడుపులో నిలవడం లేదు. ఏదో ఒకటి నిలవకపోతే బిడ్డ దక్కదని డాక్టరమ్మ చెప్పింది. ఈ వాసన దానికి పడుతుందని నాకు గట్టిగా అనిపించింది. డబ్బా ఒళ్ళో పెట్టుకొని దారి పొడవునా డ్రైవరును తిడుతూనే ఉన్నాను.

గడపలో కాలు పెట్టానో లేదో, లోపలినుంచి గోవిందమ్మ గొంతు.

"నాయనా, ఏందది? ఈడిదాకా వస్తాండాది వాసన! నాకు కావాల."

అది నోరు తెరిచి అడిగి ఎన్నాళ్ళయిందో.

మా అక్క కమలాక్షమ్మ అడ్డం నిలబడింది. "మద్దిలేటీ, శనివారం పూట మాంసం కూర తెచ్చినావా? సిగ్గు లేదా?"

మా ఇళ్ళలో దాల్చినచెక్క పడేది మాంసంలోనే. శనివారం నరసింహస్వామి దినం. ఆ వాసన కూడా గడప దాటి లోపలికి రాకూడదు.

"కూర కాదు. తీపి."

"చెక్క ఏసి తీపి చేస్తారా యాడన్నా? పిల్ల కడుపుతో ఉండాది. తియ్ ఈడ్నుంచి!"

గోవిందమ్మ పుట్టాక నా భార్య మళ్ళీ కడుపుతో ఉన్నప్పుడు ఒక శనివారం కోడికూర అడిగింది. అక్క పెట్టలేదు. ఆ వారమే ఆమె పోయింది. నేను మరవలేదు.

గొడవ విని పక్కింటి ఖాజా పీర్ వచ్చాడు. బజారులో మసాలా దినుసులు అమ్ముతాడు.

"పీరా, నువ్వే చెప్పు. ఇది మాంసం వాసన కాదా?" అంది అక్క.

అతను ఒక బిళ్ళ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఒట్టి చెక్క అక్కా. లవంగం లేదు, అల్లం లేదు. మాంసమే అయింటే మీరు అరవకముందే వచ్చింటా గదా!"

"నీకేం అప్పా, నీకు శనివారమా ఆదివారమా!"

ఆమె మాట పూర్తి కాకముందే కటుక్కుమంది. గోవిందమ్మ మా వెనకగా వచ్చి డబ్బాలో చెయ్యి పెట్టి, ఒకటి కొరికేసింది.

ముగ్గురమూ దాని నోటివైపే చూస్తూ నిలబడ్డాం. నమిలింది. మింగింది. అక్క అలవాటుగా గిన్నె తెచ్చి దాని గడ్డం కింద పట్టింది.

"వద్దత్తా" అని గోవిందమ్మ గిన్నె పక్కకు నెట్టి, ఇంకోటి తీసుకుంది.

"సబాష్ తల్లీ!" అని ఖాజా పీర్ వీధికి వినబడేలా అరిచాడు.

అదీ నిలిచింది. పొద్దు వాలేవేళకు గోవిందమ్మ లేచి కూర్చుంది. "ఆకలైతాండాది నాయనా. ఇంత మజ్జిగన్నం పెడ్తారా?"

అక్క వంటింట్లోకి పరుగెత్తింది. ఆమె కలిపి తెచ్చిన పళ్ళెం లాక్కొని నేనే ముద్దలు పెట్టాను. అక్క గోడకు ఆనుకొని కళ్ళు తుడుచుకుంటోంది. తుడుచుకోనీ.

గోవిందమ్మ పళ్ళెం ఖాళీ చేసి, ఇంకొంచెం అంది.