ఆత్మకూరు నాన్‌స్టిక్

ఆత్మకూరు పాత్రల అంగట్లో శేషయ్య చవగ్గా అమ్మిన నాన్‌స్టిక్ పెనం, ఉదయగిరిలో మునీరా ఇంట అక్షరాలా పదిహేను రోజులు బతికింది. పదహారో రోజున దోసెతోపాటు పెనం మీది నల్లపొర కూడా లేచివచ్చింది. ఆమె పెనాన్నీ, ఆ దోసెనూ మూటగట్టుకుని బస్సెక్కింది.

"ఇనప అట్లకాడతో గీకి ఉంటావమ్మా," అన్నాడు శేషయ్య.

"మా ఆయన చేసేదే చెక్క గరిటెలు. ఇనప అట్లకాడ మా ఇంట్లో యాడుండాదన్నా? పొద్దున దోసెల్లో ఈ నలుపును పిల్లోళ్లు తినేసినారు. వాళ్లకేమన్నా అయితే?"

"ఏమీ గాదు. నాన్‌స్టిక్ గదా, కడుపులో కూడా అంటుకోదు."

మునీరాకు ఒళ్లు మండింది. మూట విప్పి దోసెను అతని ముందు పెట్టింది.

"అయితే నువ్వు తిను."

"ఈ రోజు ఉపవాసమమ్మా," అన్నాడు శేషయ్య, వడ తిన్న మూతి తుడుచుకుంటూ.

మునీరా ఆ నాన్‌స్టిక్ పెనాన్ని దోసె పక్కనే పడేసింది. అంగట్లోని ఇనప పెనమొకటి చంకన పెట్టుకుని బస్టాండుకు నడిచింది.