నాలుగు శృతి గొంతు

మా ఆయనకు దేవుడు అన్నీ ఇచ్చాడు, చెవులు తప్ప. కళ్ళద్దాలు ఆనించుకోవడానికి రెండున్నాయి గానీ, తన పాట తనకే వినిపించదు. పేరు బ్రహ్మచారి, పెళ్ళయి పన్నెండేళ్ళు. నాలుగు శృతిలో పాడతానని మారేడ్‌పల్లి అంతా చెప్పుకుంటాడు. అంత పైకి వెళ్ళే గొంతు కాదది. రెండు దాటితే కీచుమంటుంది.

ఈ సంగతి తెలిసింది నాకూ సుభాన్‌కూ మాత్రమే. రెజిమెంటల్ బజార్‌లో దర్జీ పని చేసే సుభాన్, మా ఆయన నాటక కమిటీ వేసే సంగీత హాస్యనాటకాలకు ఎనిమిదేళ్ళు హార్మోనియం వాయించాడు. పాటల వరసలన్నీ ఆయనవే. ఈయన "నాలుగు పెట్టు" అని హుకుం వేస్తే, "నాలుగే సాబ్" అంటూ రెండు పెట్టేవాడు. జనం వన్స్‌మోర్ అని అరిచేవారు. ఈయన మీసం దువ్వుకునేవాడు.

నిజాం పాలన ముగించిన పోలీసు చర్య అయిన నాలుగు నెలలకు, మళ్ళీ నాటకం వేస్తామని బోర్డు పెట్టారు. బోర్డు మీద సుభాన్ పేరు లేదు.

"ఏందండీ ఇది?"

"గిప్పుడు ఆయన పేరు వేస్తే నలుగురు ఏమంటరే? రోజులు మంచిగ లేవు."

"ఆయన ఏం జేసిండు?"

"ఏం జెయ్యలే."

"మరి? వరసలు ఉంచుకొని మనిషిని తీసేస్తరా? కుట్టినాయన్ని బయట నిలబెట్టి కోటు తొడుక్కున్నట్టున్నది."

ఆ పూట నేను పచ్చడి నూరిన చప్పుడు పక్కింటి వాళ్ళు కూడా విని ఉంటారు.

సుభాన్ బదులు చర్చిలో వాయించే ఆర్థర్ గారిని పిలిచారు. చెప్పింది చెప్పినట్టు చేసే పెద్దమనిషి. రిహార్సల్ మా ముందుగదిలోనే. చాయ్ అందిస్తూ ఆర్థర్ గారి చెవిలో వేశాను: "నాలుగంటే నాలుగే పెట్టండి. తగ్గిస్తే మా ఆయనకు కోపమొస్తది."

రెండో చరణంలో మా ఆయన గొంతు చీలింది. నవ్వు రావలసిన చోటు కాదది. కమిటీ మొత్తం నవ్వింది.

అందరూ వెళ్ళాక ఈయన అడిగాడు: "సుభాన్ ఎంతల వాయించేటోడే?"

"రెండు."

"ఎనిమిదేండ్లా?"

"ఎనిమిదేండ్లు మీ పరువు ఆయన కాపాడిండు. మీరు ఆయన పేరొక్కటి కాపాడలేకపోయిండ్రు."

మర్నాడు ఇద్దరం బజారుకు వెళ్ళాం. సుభాన్ దుకాణం తలుపు ఒక రెక్కే తెరిచి ఉంది.

"ఆదాబ్ సాబ్," అన్నాడు, కుట్టుమిషన్ ఆపకుండానే.

"శృతి కాడ జెర పొరపాటైంది సుభాన్. ఐతారం నాటకానికి నువ్వు రావాలె."

"ఆర్థర్ సాబ్ ఉన్నడు గద. శృతి కోసమే వచ్చిండ్రా?"

ఈయన నా వైపు చూశాడు. నేను దారపు ఉండలు చూస్తూ నిలబడ్డాను. ఆదుకునే ఉద్దేశం నాకు బొత్తిగా లేదు.

పక్క దుకాణం వాళ్ళు తొంగిచూస్తున్నారు. ఈయన కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. వాళ్ళందరికీ వినపడేలా అన్నాడు:

"తప్పు నాది సుభాన్. నువ్వేం జెయ్యలేదని తెలుసు. తెలిసే తీసేసిన. భయపడ్డ."

మిషన్ ఆగింది.