ఒరిగిన బురుజు దగ్గర పిల్లనడగడం

మా ఊరు తోరూన్‌లో ఒరిగిన బురుజు ఒకటుంది. దాని గోడకి వీపు, మడమలు ఆనించి, చేతులు ముందుకు చాచి నిలబడాలి. తూలితే పాపాత్ముడని లెక్క. ఊరు పుట్టాక తూలనివాళ్ళు లేరు, చర్చి ఫాదరుతో సహా. అయినా మా ఆవిడ లుద్మీల, పిల్లనడగడానికి వచ్చిన కస్పెర్‌ని తిన్నగా అక్కడికే లాక్కెళ్ళింది. కుర్రాడు బొక్కబోర్లా పడ్డాడు.

"వీడికి పిల్లనివ్వను," అంది.

"నాన్న కూడా పడ్డాడటగా అమ్మా," అని మా అమ్మాయి బోగ్న విసుక్కుంది.

"పడ్డాడు, చేసుకున్నాను, అనుభవిస్తున్నాను. ఎలా నిలబడాలో నన్ను చూడండి."

నిలబడింది. పడలేదు. జల్లు కురిసి వెలిసింది. పావురాలు చేతుల మీద వాలాయి, ఒకటి గూడు కూడా మొదలెట్టింది.

"ఇక చాలు రావే, ఆకలేస్తోంది," అన్నాను.

"మీరు పదండి, నేనొస్తాను," అంది, కదలకుండా.

కస్పెర్ మెల్లగా ఆవిడ వీపు వెనక చెయ్యి పెట్టాడు. కోటు గోడలోని మేకుకి తగులుకుని ఉంది. విడదీయగానే ఆవిడ బస్తాలా వాడి మీద పడింది.

"మేకు సంగతి ఊళ్ళో ఎవరికైనా చెప్పావో, నీ పని చెప్తాను అల్లుడూ," అని గొణిగింది.

అల్లుడు ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నేనే చెప్తున్నాను.