తీసేసిన చిరునామా

అప్పయమ్మ పేరు నేనే తీసేశాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని నొక్కించలేదు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా ఇద్దరివీ ముప్పై ఏళ్ళు పక్కపక్క క్వార్టర్లు. ఇక్కడి తెలుగు ఇళ్ళల్లో ఏ ఆడపిల్ల పెళ్ళయినా అప్పగింతల పాట మేమిద్దరమే పాడేవాళ్ళం. ఒకరి గొంతు పూడుకుపోతే రెండోవారు అందుకోవాలి, అందుకే ఇద్దరం. కొడుకు తిరుమలరావు కర్గీ రోడ్‌లో ఇల్లు కట్టుకున్నాక అప్పయమ్మ అటు వెళ్ళిపోయింది. ప్యాసింజరు బండిలో గంట దూరం. అయినా ఆ రోజు నేను స్టేషనుకి వెళ్ళలేదు. బండి కదలడం నేను చూడలేను.

మా పాటలు మాతోనే పోకూడదని నా మనవరాలు శ్వేత ఒక ఏర్పాటు చేసింది. అది పూణేలో కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. తన పాత ల్యాప్‌టాప్ నాకిచ్చి, పాటకొక ఫైలు పెట్టి, వాటన్నిటినీ రిపో అనే ఒక ఖాతాపుస్తకం లాంటిదాంట్లో ఉంచింది. ఎవరు ఏ ముక్క మార్చినా ఎప్పుడు మార్చారో, ఎందుకు మార్చారో అందులో నిలిచి ఉంటుంది. అప్పయమ్మకు చదువు రాదు. ఆమె చెబుతుంటే కోడలు రజిని టైపు చేసేది. వాళ్ళ రిపో వాళ్ళకుంది, మాది మాకుంది. వాళ్ళ రిపోను నా ల్యాప్‌టాప్‌లో ‘అప్పయమ్మ’ అనే పేరుతో కలిపింది శ్వేత; అలా కలిపినదాన్ని రిమోట్ అంటారట. రోజూ పొద్దున్నే ఫెచ్ అని కొడితే అక్కడి కొత్త మార్పులు ఇక్కడికి వచ్చేవి. నచ్చితే మా పాటలో కలుపుకోవచ్చు, లేకపోతే ఊరుకోవచ్చు. ఆ మాటలన్నీ తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులో రాసుకున్నాను. నేను బడికి వెళ్ళలేదు. మా ఆయన డ్యూటీకి పోయాక పొట్లాల కాగితాలు చూసి చదువు నేర్చుకున్నదాన్ని. తెలియనిది తెలిసినట్టు అనుకోవడం నాకు అప్పటినుంచీ ఉన్న జబ్బే.

పోయిన దసరాకు తగాదా వచ్చింది. అప్పగింతల పాట మూడో చరణం నేను పాడేది ఇలా ఉంటుంది: ‘కంటనీరు పెట్టకమ్మా, గడప వంక చూడకమ్మా.’ అప్పయమ్మ దాన్ని కొట్టేసి వేరే చరణం పెట్టించింది: ‘నీ కంచం బోర్లించలేదు, ఆకలైతే రావమ్మా.’ తెర మీద కొట్టేసిన నా చరణం ఎర్రగా, కొత్తగా పెట్టిన ఆమె చరణం పచ్చగా కనబడ్డాయి. నా పాటను ఎర్రగా చూసేసరికి ఒళ్ళు మండింది. ఫోన్లో అనరాని మాటలన్నాను. చదువురాని దానివి నన్ను దిద్దుతావా అని కూడా అన్నాను. అప్పయమ్మ ఫోను పెట్టేసింది. ఆ కోపంలోనే నోటుబుక్కు తెరిచి, తీసెయ్యడానికి రిమోట్ రిమూవ్ అని రాసున్న వరుస చూసి, పక్కన అప్పయమ్మ పేరు కొట్టాను. ఏమీ అడగలేదది. జాబితా చూస్తే అప్పయమ్మ పేరు మీద వచ్చినవన్నీ మాయమయ్యాయి.

మా రైల్వేలో రిటైరైనవాడి పేరు క్వార్టరు బోర్డు మీంచి గీకేశారంటే, సాయంత్రానికి అక్కడ ఇంకొకరి సామాను దిగుతుంది. పేరు పోయిందంటే లోపలున్నదంతా పోయినట్టే. అప్పయమ్మ తను చెప్పి రాయించుకున్న పాటలన్నీ కర్గీ రోడ్‌లో కూడా తుడిచిపెట్టుకుపోయాయనీ, ఆ పని నేనే చేశాననీ అనుకున్నాను. శ్వేతకు చెప్పలేదు. రజినికి ఫోను చెయ్యలేదు. వాళ్ళు అడగకపోతే, అంత కోపంగా ఉన్నారనుకున్నాను.

మాఘమాసంలో తిరుమలరావు స్వయంగా వచ్చి కూతురు మైత్రి శుభలేఖ ఇచ్చాడు. అమ్మ ఏమైనా చెప్పిందా అని అడిగాను. తను చెప్పాల్సింది చెప్పేశానందట. ఇంట్లో నన్ను తిట్టి ఉంటుందనుకున్నాను. పాటలన్నీ చెరిపినదాన్ని, ఏ ముఖంతో వెళ్ళను? మోకాళ్ళ నొప్పులని కబురు పంపాను.

మొన్న జ్యేష్ఠంలో శ్వేత సెలవుకి వచ్చింది. ల్యాప్‌టాప్ తెరిచి అప్పయమ్మ రిమోట్ ఏదని అడిగింది. ఎనిమిది నెలలు దాచుకున్నది అప్పుడు చెప్పాను. శ్వేత నవ్వింది.

“అరే అమ్మమ్మా, పోయింది అడ్రస్ మాత్రమే. నీ దగ్గర్నించి పోయింది, బస్, అంతే. వాళ్ళ దగ్గర అన్నీ అలాగే ఉంటాయి.”

చిరునామా మళ్ళీ రాసి ఫెచ్ కొట్టింది. నేను లేని నెలలన్నీ ఒక్కసారిగా వచ్చాయి. ప్రతి మార్పు కిందా రజిని టైపు చేసిన అత్తగారి మాట ఉంది. తెలుగు చదవలేని శ్వేత కుర్చీ నాకిచ్చి పక్కకు జరిగింది.

మొదటిది దసరా వెళ్ళిన వారానికి: ‘నరసమ్మా, నీ చరణం మళ్ళీ పెట్టించినాను. రెండూ ఉంటాయి. కోపం మానీ.’ తర్వాత కార్తీకంలో: ‘సూస్తన్నావా?’ పుష్యమాసంలో: ‘మైత్రికి సంబంధం కుదిరింది. నువ్వు రాకపోతే పాట నానొక్కద్దాన్ని పాడలేను. మొదటి చరణంకే గొంతు పూడిపోద్ది.’ పెళ్ళికి పది రోజుల ముందు: ‘కార్డు మా వోడు తెస్తాడు. పాట సంగతి నీకు ఇక్కడే సెప్తన్నాను. రోజూ సూస్తావు గదా.’

ఆ తర్వాత ఏమీ లేదు.

అప్పుడే ఫోను చేశాను. జరిగిందంతా చెప్పాను.

“అయితే సదవనే నేదా?”

“లేదు. అంతా పోయిందనుకున్నాను.”

“మా వోడు కార్డు తెచ్చినప్పుడైనా అడగొచ్చు గదే.”

“సిగ్గేసింది అప్పయమ్మా.”

“నీ సిగ్గుకేటి. పిల్ల లౌడ్ స్పీకరు పాటతో ఎల్లిపోనాది. కారెక్కేముందు నా వంక సూసింది, పాడతానేమోనని.”

రమ్మంటావా అని అడిగాను. ఇప్పుడొచ్చి ఏం చేస్తావంది. ఆ గొంతులో నిష్ఠూరం కూడా లేదు. కుక్కరు దించాలని ఫోను పెట్టేసింది.

శ్వేత చేత నేర్చుకుని, అప్పయమ్మ చరణాన్ని మా పాటలో నేనే కలిపాను. నాది తర్వాత, ఆమెది ముందు. కింద రాశాను: ‘తప్పు నాదే. ఇదే ముందు పాడాలి.’ మా రిపోకి పుష్ చేశాను, అంటే పంపాను. ఇక అటునుంచి వాళ్ళు ఫెచ్ చేసుకోవాలి. చేసుకున్నారో లేదో ఎలా తెలుస్తుందని శ్వేతను అడిగాను. వాళ్ళు మళ్ళీ ఏదైనా రాస్తే తప్ప ఇక్కడినుంచి తెలియదంది.

శ్వేత పూణే వెళ్ళి పదకొండు రోజులైంది. రోజూ పొద్దున్నే ఫెచ్ కొడుతున్నాను. కొత్తవేమీ రావడం లేదు.